క్రిమినల్ కేసుకి లాయర్‌ని ఎలా చూసుకోవాలి: 27 ఏళ్ళు వకీలు గుమాస్తాగా చూసింది చెబుతున్నా

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. సత్తెనపల్లి దగ్గర పొలం గట్టు తగాదా, అవతలాయన తలకి దెబ్బ తగిలింది, మీ పెదనాన్న కొడుకులిద్దరితో పాటు మీ తమ్ముడి పేరూ ఎఫ్ఐఆర్‌లో ఎక్కింది, అతను ఏ3, అంటే మూడో ముద్దాయి, హత్యాయత్నం సెక్షన్, నాలుగు రోజుల క్రితం రిమాండ్ చేసి సబ్‌జైలుకి పంపారు. ఇప్పుడు మీ ముందు మూడు పేర్లు ఉన్నాయి. మీ మేనమామ చెప్పిన హైదరాబాద్ పెద్ద లాయరు, మూడు లక్షలు. స్టేషన్ బయట ఒకాయన చేతిలో కార్డు పెట్టి "వారంలో బెయిల్ గ్యారంటీ" అన్న లాయరు, 80 వేలు. మూడోది, ఏ1 వాళ్ళు ఇప్పటికే పెట్టుకున్న లాయరు, "ముగ్గురికీ ఆయనే చూస్తాడు, మీ వాటా మీరిచ్చేయండి" అంటున్నారు. ఎవర్ని పెట్టుకోమంటారు అని అడిగారు.

నేను లాయర్ని కాదు. గుంటూరులో క్రిమినల్ వైపు ప్రాక్టీసు చేసే ఒక సీనియర్ దగ్గర 27 ఏళ్ళుగా గుమాస్తాని. పిటిషన్లు ఫైల్ చేయడం, కాపీలు తీయడం, వాయిదాలు రాసుకోవడం, జైలుకి వకాలత్ (లాయర్ని పెట్టుకున్నట్టు ముద్దాయి ఇచ్చే కాగితం) తీసుకెళ్ళి సంతకం పెట్టించుకు రావడం, ష్యూరిటీల (జామీనుదార్ల) కాగితాలు సరిచూడడం, ఇదే నా పని. మీలా కళ్ళు వాచిపోయి ఆఫీసు మెట్లెక్కిన వాళ్ళని లెక్కలేనంత మందిని చూశాను. అందుకే కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క మాట. ఇలాంటి కేసులో మొదటి మూడు నెలలు పేరుతో జరిగే పని కాదు, కాగితంతో జరిగే పని, కోర్టులో మనిషి నిలబడితే జరిగే పని. కాగితం చదివే లాయరు, మీ కేసు నడిచే కోర్టుకి రోజూ వచ్చే లాయరు, ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఆయన బోర్డు ఎంత చిన్నదైనా ఆయన్నే పెట్టుకోండి.

హైదరాబాద్ లాయరు సంగతి చూద్దాం. ఆయన మంచి లాయరే అయి ఉండొచ్చు, నేను కాదనను, చట్టప్రకారం ఆయన ఇక్కడికొచ్చి వాదించడానికి అడ్డేమీ లేదు కూడా. కానీ మన రాష్ట్రానికి 2019 జనవరి 1 నుంచి వేరే హైకోర్టు ఉంది, అది ఇప్పుడు అమరావతిలో, నేలపాడు దగ్గర. మీ తమ్ముడి కేసు ఇప్పుడు మెజిస్ట్రేటు కోర్టులో ఉంది, చార్జిషీటు పడ్డాక సెషన్స్ కోర్టుకి వెళ్తుంది, విచారణ అంతా నరసరావుపేట వైపే. ఆ మూడు లక్షల ఆయన ప్రతి వాయిదాకీ అక్కణ్ణుంచి రారు. జూనియర్ని పంపుతారు, లేదంటే ఇక్కడి లాయరుకే ఫోన్ చేసి "కాస్త చూడండి" అంటారు, అంటే మీరు డబ్బు ఒకరికి ఇస్తారు, కోర్టులో నిలబడేది ఇంకొకరు. పెద్ద లాయర్ల అవసరం వచ్చే చోట్లు ఉంటాయి, సెషన్స్ కోర్టులో బెయిల్ కొట్టేస్తే హైకోర్టుకి వెళ్ళాలి కదా, అప్పుడు హైకోర్టులో రోజూ ఉండే వాళ్ళని ఇక్కడి లాయరే చూపిస్తారు. మొదటి రోజే అక్కడిదాకా వెళ్ళక్కర్లేదు.

రెండో ఆయన, గ్యారంటీ ఆయన. చెల్లెమ్మా, ఆయన దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు. బెయిల్ ఇచ్చేది జడ్జి, లాయరు కాదు. వాదన ఎంత బలంగా ఉన్నా గ్యారంటీ అనే మాట నిజాయితీపరుడి నోట రాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో లాయర్లు ప్రచారం చేసుకోకూడదు, మధ్యవర్తుల్ని పెట్టి కేసులు పట్టుకోకూడదు అని స్పష్టంగా ఉంది. స్టేషన్ బయట, ఆసుపత్రి బయట కార్డు చేతిలో పెట్టే మనిషికి మీరిచ్చే ఫీజులో వాటా ఉంటుంది, ఆ వాటా పోగా మిగిలిన దానికి తగ్గట్టే పని జరుగుతుంది. "ఎస్సై మనవాడే, పీపీ (ప్రభుత్వ లాయరు) గారు మనకి తెలుసు, లోపల మాట్లాడేస్తా" అనే మాట విన్నారంటే లేచి వచ్చేయండి. అలా మాట్లాడే వాళ్ళ దగ్గర కేసు ఫైలు తెరిచి ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఫోన్లో వెతికితే వచ్చే "టాప్ 10 క్రిమినల్ లాయర్స్" లిస్టుల్ని కూడా నమ్మకండి, వాటిల్లో చాలావరకు డబ్బు కట్టి పేరు వేయించుకునేవే.

ఇక మూడోది. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, నాకు భయం వేసేదీ ఇదే, కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతా.

మీరు రాసిన దాన్ని బట్టి ఫిర్యాదులో ఏముంది? ఏ1 పార తిప్పి తల మీద కొట్టాడు, ఏ2 పట్టుకున్నాడు, ఏ3 చేతులతో కొట్టాడు. సెక్షన్లు బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త శిక్షా చట్టం) 109 అంటే హత్యాయత్నం, 115(2) అంటే గాయపరచడం, వాటితో పాటు 3(5). ఆ చివరి 3(5) చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ మీ తమ్ముడి మీద ఉన్న బరువంతా దానిదే. అది పాత ఐపీసీలో 34, అంటే అందరూ ఒకే ఉద్దేశంతో కలిసి చేశారు అని. పార పట్టుకోని మనిషికి కూడా పార దెబ్బ చుట్టుకునేది ఆ సెక్షన్ వల్లే. ఇప్పుడు చెప్పండి, మీ తమ్ముడికి కావాల్సిన వాదన ఏమిటి? "నా చేతిలో ఆయుధం లేదు, ఏ1 పార ఎత్తుతాడని నాకు తెలియదు, నేను విడదీయడానికి వెళ్ళాను." ఏ1కి కావాల్సిన వాదన ఏమిటి? "అవతలివాళ్ళే ముందు కలబడ్డారు, అందరం కలిసి మమ్మల్ని మేం కాపాడుకున్నాం", లేదంటే "దెబ్బ ఎవరు కొట్టారో ఆ గోలలో తెలియదు". ఈ రెండూ ఒకే నోటితో వాదించలేరు. మీ తమ్ముడి కోసం "పార ఏ1 చేతిలోనే ఉంది" అనాల్సిన చోట ఆ లాయరు నోరు విప్పలేరు, ఎందుకంటే ఏ1 కూడా ఆయన క్లయింటే, ఎక్కువ ఫీజు ఇచ్చింది కూడా ఏ1 వాళ్ళే.

బంధువులు, రేపు మొహాలు చూసుకోవాల్సిన వాళ్ళు, ఇప్పుడు వేరే లాయర్ని పెడితే "మమ్మల్ని ఇరికిస్తున్నారా" అంటారని మీ నాన్నగారు జంకుతున్నారని రాశారు. అది నాకు అర్థమవుతుంది. వేరే లాయర్ని పెట్టుకోవడమంటే పెదనాన్న కొడుకుల మీద సాక్ష్యం చెప్పడం కాదు, ఆ మాట ఆయనకి నెమ్మదిగా చెప్పండి. ఇద్దరు లాయర్లు మాట్లాడుకుని ఒకరికొకరు అడ్డు రాకుండా కేసు నడుపుకోవచ్చు, మా ఆఫీసులో అలా నడిచినవి ఎన్నో ఉన్నాయి. కానీ మీ తమ్ముడి మాట చెప్పడానికి మీ తమ్ముడికంటూ ఒక మనిషి ఉండాలి. అన్నదమ్ముల కేసుల్లో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ వెనకాల నిలబడి శిక్ష పడ్డాక ఏడవడం నేను చూశాను.

మరి ఆ మనిషిని ఎలా వెతకాలి? ముందు ఎఫ్ఐఆర్ కాపీ చేతిలో పెట్టుకోండి, క్రైమ్ నంబరు, స్టేషన్ పేరు, తేదీ అందులోనే ఉంటాయి. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, కాబట్టి అక్కడ దొరకొచ్చు, లేకపోతే కోర్టులో కాపీకి అప్లికేషన్ వేయించవచ్చు. రిమాండ్ రిపోర్టు కూడా తీయించండి, అరెస్టు ఎప్పుడు చూపించారో, ఎవరి పాత్ర ఏమని రాశారో అందులో ఉంటుంది.

తర్వాత మీరు గానీ మీ నాన్నగారు గానీ ఒక పూట కోర్టులో కూర్చోండి. ఇది ఎవరూ చేయరు, నేను ఎంతమందికి చెప్పానో. కోర్టు హాలు అందరికీ తెరిచి ఉంటుంది, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, పదిన్నరకి వెళ్ళి వెనక బెంచీ మీద ఫోన్ ఆపేసి కూర్చుంటే చాలు. బెయిల్ పిటిషన్లు పిలిచేటప్పుడు ఎవరు లేచి నిలబడుతున్నారు, ఎవరి దగ్గర కాగితాలు వరసగా ఉన్నాయి, ఎవరు చెబుతుంటే జడ్జిగారు తలెత్తి వింటున్నారు, ఎవరు ప్రతిసారీ "టైమ్ ప్రే చేస్తున్నా యువరానర్" అని గడువు అడిగి కూర్చుంటున్నారు, రెండు గంటల్లో మీకే తెలిసిపోతుంది. సాక్షి బోనులో ఉంటే ఇంకా మంచిది. గొంతు పెంచి సాక్షిని బెదిరించే వాళ్ళని చూసి అబ్బ ఏం లాయరు అనుకోకండి.

మంచి క్రాస్, అంటే అవతలి సాక్షిని ప్రశ్నించడం, ఎలా ఉంటుందో ఒకటి చెబుతా. ఇలాంటి గట్టు కేసే, దెబ్బలు తిన్నాయన బోనెక్కి, మూడో ముద్దాయి కూడా కర్రతో కొట్టాడని చెప్పాడు. మా సారు లేచి నిలబడి ఫైల్లో ముందే పసుపు చీటీ పెట్టుకున్న పేజీ తీశారు. మూడే ప్రశ్నలు. పోలీసులు మీ వాంగ్మూలం ఆసుపత్రిలో రాసుకున్నారా? రాసుకున్నారు. అప్పుడు మీరు స్పృహలోనే ఉండి అన్నీ చెప్పారా? చెప్పాను. మరి మూడో ముద్దాయి చేతిలో కర్ర ఉందనే మాట అందులో లేదు, ఇవాళే మొదటిసారి చెబుతున్నారు, అవునా? సాక్షి ఏమీ మాట్లాడలేదు. సారు కూర్చున్నారు. తర్వాత దర్యాప్తు అధికారి వచ్చినప్పుడు ఆ మాట వాంగ్మూలంలో లేదని ఆయన చేత కూడా చెప్పించారు. ఆ కుర్రాడు బయటపడ్డాడు. ఆ పసుపు చీటీ ముందురోజు రాత్రి పదకొండు గంటలకి పెట్టుకున్నది, నేను పక్కనే ఉన్నాను. మీరు వెతకాల్సింది అలాంటి రాత్రులు కూర్చునే లాయర్ని.

కోర్టుకి వెళ్ళలేకపోతే ఈకోర్ట్స్ యాప్ ఉంది. కేస్ స్టేటస్‌లోకి వెళ్ళి జిల్లా, కోర్టు ఎంచుకుంటే అడ్వకేట్ పేరుతో వెతికే వీలుంది. ఇక్కడి లాయర్ల పేర్లు ఒక మూడు నాలుగు కొట్టి చూడండి. అసలు ఆ కోర్టులో ఆయనకి క్రిమినల్ కేసులు ఉన్నాయా, సెషన్స్ కేసులు ఉన్నాయా, తీర్పు దాకా వెళ్ళినవి ఉన్నాయా. కేసు తెరిస్తే వాయిదాల చరిత్ర కూడా కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని ఎన్ని గెలిచారు ఎన్ని ఓడారు అని లెక్క వేయొద్దు, క్రిమినల్ కేసుల్లో అది న్యాయమైన లెక్క కాదు, రాజీపడిన సాక్షులతో పోయే కేసులే బోలెడు. ఆయన పని చేసే మనిషా, ఈ రకం పని చేసే మనిషా అన్నది మాత్రం తెలుస్తుంది. భూమి దావాల్లో దిట్ట అయిన లాయరు మీ నాన్నగారికి పాతికేళ్ళుగా తెలిసినాయన అయినా, హత్యాయత్నం కేసుకి ఆయన్ని పెట్టొద్దు, ఆయన్నే "క్రిమినల్ వైపు ఎవరు బాగుంటారు" అని అడగండి. లాయర్లకి లాయర్లు తెలుస్తారు.

ఇద్దర్ని గానీ ముగ్గుర్ని గానీ ఎంచుకున్నాక వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి కూర్చోండి. మొదటి పది నిమిషాల్లో ఆయన మిమ్మల్ని ఏం అడుగుతున్నారో గమనించండి, మీరు అడిగేదానికన్నా అది ముఖ్యం. పనిమంతుడైతే ముందు టైముల గురించి అడుగుతారు. ఏ రోజు, ఎన్నింటికి తీసుకెళ్ళారు? ఎవరు చూశారు? ఇంట్లో ఎవరికి చెప్పారు, కాగితం ఏమైనా ఇచ్చారా? మెజిస్ట్రేటు ముందు ఎప్పుడు పెట్టారు? ఎందుకంటే 24 గంటల్లో కోర్టులో హాజరుపరచాలి, అరెస్టుకి కారణాలు మనిషికి చెప్పాలి, ఇంట్లో వాళ్ళకి తెలపాలి, ఇవన్నీ బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 47, 48, 58 సెక్షన్లలో ఉన్నాయి, కారణాలు చెప్పకపోతే ఆ అరెస్టే చెల్లదని సుప్రీంకోర్టు ఈ మధ్య గట్టిగానే చెబుతోంది. తర్వాత గాయాల సర్టిఫికెట్ గురించి అడుగుతారు, తలకి తగిలింది మామూలు గాయమా, ఎముక విరిగిందా, ఆయన ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడా, డిశ్చార్జ్ అయ్యాడా. మీ వైపు ఎవరికైనా దెబ్బలు తగిలాయా, మీరు తిరిగి వాళ్ళ మీద కౌంటర్ కేసు పెట్టారా. మీ తమ్ముడి మీద పాత కేసులున్నాయా. ఇవేమీ అడక్కుండా "ఎంత తెచ్చారు" అని మొదలుపెట్టే ఆఫీసులో కూర్చోవద్దు.

మీ వైపు నుంచి అడగాల్సినవి కొన్నే. బెయిల్ ఎక్కడ వేస్తారు, ఎందుకు? ఇది చిన్న పరీక్ష లాంటిది. దెబ్బ తగిలిన హత్యాయత్నం కేసులో యావజ్జీవం దాకా శిక్ష ఉంది, అలాంటి వాటిలో బెయిల్ ఇవ్వడానికి మెజిస్ట్రేటుకి ఉన్న అధికారం చాలా తక్కువ, కాబట్టి మామూలుగా సెషన్స్ కోర్టులో బీఎన్ఎస్ఎస్ 483 కింద వేస్తారు. "ముందు మెజిస్ట్రేటు దగ్గర వేద్దాం, చూద్దాం" అంటే ఎందుకో ఆయన చెప్పగలగాలి, చెప్పలేకపోతే రోజులూ పోతాయి, ఆ పిటిషన్ ఫీజూ పోతుంది. రెండోది, వాయిదాలకి మీరే వస్తారా, జూనియర్ వస్తారా? జూనియర్ రావడం తప్పు కాదు, అబ్సెంట్ పిటిషన్‌కో (ముద్దాయి రాలేని రోజు వేసేది) మామూలు వాయిదాకో సీనియరే రావాలని పట్టుబట్టొద్దు, కానీ బెయిల్ వాదన, క్రాస్ ఎవరు చేస్తారో ముందే తెలియాలి. మూడోది, మాకు వ్యతిరేకంగా ఏముంది? ఈ ప్రశ్న అడగడానికి మనసొప్పదు, అయినా అడగండి. "ఏమీ లేదమ్మా, కేసు కొట్టేస్తారు" అన్నాయన కన్నా, "ఏ1 దగ్గర పార స్వాధీనం చేసుకున్నారు, సాక్షులు ముగ్గురూ ఊరివాళ్ళే, కష్టం ఇక్కడ ఉంది" అని వేలు పెట్టి చూపించే ఆయన మీకు కావాలి.

ఇప్పుడు రోజుల లెక్క. ఇది మా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెబుతున్నా. కొన్నేళ్ళ క్రితం మా మేనల్లుణ్ణి ఒక చీటింగ్ కేసులో రిమాండ్ చేశారు, అప్పటికి పాత చట్టమే, సెక్షన్ 420. మా బావగారు నాతో ఒక మాటైనా అనకుండా ఎవరో చెప్పారని పేరున్న ఒక లాయరు దగ్గరికి వెళ్ళి అడిగినంత ఇచ్చేశారు. అలాంటి కేసులో 60 రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయకపోతే, బెయిల్ అడగడం ముద్దాయి హక్కు, కేసు బలం ఎంత ఉన్నా జడ్జి ఇవ్వాల్సిందే. కానీ అడగాలి. చార్జిషీటు పడకముందే పిటిషన్ వేయాలి. 60 దాటింది, చార్జిషీటు రాలేదు. ఆ లాయరు ఊళ్ళో లేరు, ఆఫీసులో తేదీ రాసిపెట్టుకున్న వాళ్ళూ లేరు. 63వ రోజు ఉదయం పోలీసులు చార్జిషీటు వేశారు. ఆ మధ్యాహ్నం జూనియర్ వచ్చి పిటిషన్ వేశాడు. కొట్టేశారు. మా అక్క నాకు ఫోన్ చేసింది ఆ సాయంత్రం. ఆ పిల్లాడు ఇంకో నెలకి పైగా లోపలే ఉన్నాడు. 27 ఏళ్ళలో వేల పిటిషన్లు నా చేత్తో ఫైల్ చేశాను, సొంత అక్క కొడుక్కి కావాల్సిన రెండు పేజీల కాగితం మాత్రం సమయానికి పడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు అది బీఎన్ఎస్ఎస్ 187లో ఉంది. మీ తమ్ముడి కేసులో యావజ్జీవం దాకా శిక్ష ఉంది కాబట్టి లెక్క 60 కాదు, 90 రోజులు. రిమాండ్ చేసిన రోజుని కూడా కలిపి లెక్కపెట్టాలని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. అరెస్టు చేసిన రోజు నుంచి కాదు, మెజిస్ట్రేటు రిమాండ్ ఇచ్చిన రోజు నుంచి. దేవుడి దయ వల్ల మామూలు బెయిలే ముందు వచ్చేస్తే ఈ లెక్కతో పని లేదు. అయినా ఇంట్లో క్యాలెండర్ మీద రాసిపెట్టండి, లాయర్ని ఎంచుకునేటప్పుడు "90వ రోజు ఎప్పుడండీ" అని అడగండి, ఆయన డైరీ తీస్తారో, పైకప్పు చూస్తారో చూడండి.

ఫీజు గురించి మొహమాటపడకండి. ఎవరికి ఎంత అన్నది నేను చెప్పలేను, ఊరిని బట్టి, లాయర్ని బట్టి మారుతుంది. కానీ "మొత్తం కేసు అంతా ఇంత" అని ఒక్క అంకె విని తలూపొద్దు. సెషన్స్‌లో బెయిల్‌కి ఎంత, అక్కడ కొట్టేసి హైకోర్టుకి వెళ్తే వేరేగా ఎంత, విచారణ మొదలయ్యాక ఎంత, అది ఒకేసారా విడతలుగానా, కాపీలు, టైపింగు, ప్రయాణాల ఖర్చు ఇందులోనేనా బయటా, ఇవి విడివిడిగా అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో లాయరు ఖాతాకే పంపండి. గుమాస్తాకి ఇవ్వమంటే రసీదు అడగండి, గుమాస్తాని నేనే చెబుతున్నా, అడగడంలో తప్పులేదు. "బెయిల్ వస్తేనే ఇవ్వండి, రాకపోతే వద్దు" అనే బేరం ఎంత బాగున్నట్టు కనిపించినా ఒప్పుకోవద్దు, ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. "జడ్జిగారికి", "పీపీ గారికి", "స్టేషన్‌కి" అని ఎవరైనా విడిగా అడిగితే, అది మీ తమ్ముడికి ఏ రకంగానూ పనికిరాని డబ్బు, ఇంకో నేరం కూడా.

వకాలత్ మీద సంతకం జైల్లో మీ తమ్ముడు పెట్టాలి, జైలు అధికారి ధ్రువీకరిస్తారు, ఆ కాగితం లాయరు ఆఫీసు వాళ్ళే తీసుకెళ్తారు. వకాలత్ తప్ప తెల్లకాగితాల మీద గానీ, ఖాళీ స్టాంపు పేపర్ల మీద గానీ మీ ఇంట్లో ఎవరూ సంతకం పెట్టొద్దు, ఎవరు అడిగినా సరే.

మూడు లక్షలు తేవాలంటే ఎకరం తాకట్టు పెట్టాలని రాశారు. అది చదివి ఆగిపోయాను. చెల్లెమ్మా, జైల్లో ఉన్న మనిషికి ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12లోనే ఉంది, కస్టడీలో ఉన్నవాడికి ఆదాయం ఎంత అని కూడా అడగరు. 2022లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అని కొత్త పద్ధతి తెచ్చారు, జిల్లాల్లో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అని లాయర్లని పూర్తిగా ఈ పనికే పెట్టారు, వాళ్ళు ప్రైవేటు కేసులు చేయరు. ఉచితం అంటే పనికిరాదనుకుంటారు చాలామంది, నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ణి. వాళ్ళలో రోజూ సెషన్స్ కోర్టులోనే ఉంటూ శ్రద్ధగా క్రాస్ చేసే వాళ్ళని చూశాక ఆ మాట అనడం మానేశాను. అందరూ అలాగే ఉంటారని చెప్పను, అది ప్రైవేటు లాయర్లకీ వర్తిస్తుంది కదా. పొలం తాకట్టు పెట్టే ముందు మాత్రం న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్ళి రండి, లేదా 15100కి ఫోన్ చేయండి. జైల్లో కూడా మీ తమ్ముడు ఈ సంగతి అడిగితే దరఖాస్తు పంపిస్తారు.

ఎవర్ని పెట్టుకున్నా సరే, ఆయనకి నిజం చెప్పండి. మీ తమ్ముడు నిజంగా రెండు దెబ్బలు వేసి ఉంటే అది కూడా చెప్పాలి. మీరు లాయరుకి చెప్పింది ఆయన బయటపెట్టకూడదని చట్టంలోనే ఉంది, ఆ నియమం నాలాంటి గుమాస్తాలకి కూడా వర్తిస్తుంది. ములాఖత్‌లో మాత్రం కేసు గురించి ఎక్కువ మాట్లాడకండి, అక్కడ పక్కన మనుషులుంటారు. ఇంకో ముఖ్యమైన సంగతి, మీ నాన్నగారు గానీ పెదనాన్న గారు గానీ దెబ్బ తిన్నాయన ఇంటికి రాజీ కోసం ఇప్పుడు వెళ్ళొద్దు. మంచి మనసుతోనే వెళ్తారు, కానీ రేపు "బెదిరించారు" అని ఒక కాగితం పడితే మీ తమ్ముడి బెయిల్‌కి అదే అడ్డం. రాజీ మాట వస్తే అది లాయర్ల ద్వారా, సరైన సమయంలో రావాలి. 109 కింది స్థాయి కోర్టులో రాజీ పడే సెక్షన్ కాదు, రెండు వైపులా ఒప్పుకున్నా హైకోర్టుకి వెళ్ళాలి, వాళ్ళు కూడా గాయాల తీరు చూసే నిర్ణయిస్తారు. ఈ సంగతి తెలియకుండా "పది రోజుల్లో రాజీ చేయించేస్తా" అనే లాయరు దొరికినా జాగ్రత్త.

పెట్టుకున్నాక నచ్చకపోతే ఏం చేయాలని అడిగారు కదా, మార్చుకోవచ్చు. పాత లాయరు దగ్గర నో అబ్జెక్షన్ తీసుకుంటారు, ఇవ్వనంటే కోర్టుని అడిగి అనుమతి తీసుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని ఫైలు తొక్కిపెట్టుకునే హక్కు లాయరుకి లేదని సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలోనే చెప్పింది. కానీ వాయిదాకొకర్ని మార్చకండి, కొత్తాయన ఫైలు మొదటినుంచి చదువుకోవాలి, ఆ రోజులన్నీ లోపల ఉన్నవాడివే.

ష్యూరిటీల పని ఇవాళే మొదలుపెట్టండి. బెయిల్ ఆర్డర్ వచ్చాక జామీనుదార్లు దొరక్క, కాగితాలు సరిపోక వారం పదిరోజులు ఆగిపోయిన వాళ్ళు ఎంతమందో. మామూలుగా ఇద్దరు కావాలి, ఇంటి పన్ను రసీదు, ఆధార్, ఫొటోలు సిద్ధంగా పెట్టుకోండి, ఇంకేం కావాలో మీ లాయరు ఆఫీసు మొదటి రోజే చిట్టా రాసి ఇవ్వాలి. కోర్టు బయట డబ్బు తీసుకుని ష్యూరిటీ ఉంటామనే వాళ్ళ జోలికి వెళ్ళొద్దు, వాళ్ళ కాగితాలు దొంగవని తేలితే మీ మీదే కొత్త కేసు.

రేపు సోమవారం. ఉదయం పదింటికల్లా ఎఫ్ఐఆర్ కాపీతో కోర్టుకి వెళ్ళండి, ఇంట్లో మగవాళ్ళు రాలేకపోయినా మీరు ఒక్కరే వెళ్ళినా ఫర్వాలేదు, ఎవరూ ఏమీ అనరు. ముందు న్యాయ సేవల ఆఫీసులో అడగండి, తర్వాత హాల్లో కూర్చుని చూడండి, సాయంత్రం ఇద్దరి ఆఫీసులకి వెళ్ళి రండి. ఎల్లుండికల్లా ఒక నిర్ణయానికి రండి, అంతకంటే ఆలస్యం వద్దు. రిమాండ్ ఆర్డర్ మీద ఉన్న తేదీ ఒక్కటి చెప్పండి, 90వ రోజు ఎప్పుడవుతుందో లెక్క చూసి రాస్తాను.